దుబాయ్‌కి పోవుడు రెండు గంటలు, వచ్చుడు ఐదు గంటలు

మా చిన్నప్పుడు... కోరుట్లలో మా పక్కింటి రఫీక్‌గాడి నోటికి అడ్డూ అదుపూ ఉండేది కాదు. వాళ్ల నాన్న దుబాయ్‌లో పనిచేసేవాడు మరి!

"మా అబ్బా పదింటికి హైదరాబాద్‌ల ఇమానం ఎక్కిండు, పన్నెండింటికి దుబాయ్‌ల దిగిండు. రెండే గంటలు! మీ నాయినకు సిరిసిల్ల పోయి వచ్చేవరకు దినమంత పడ్తది గదరా?" అనేవాడు.

కడుపు మండిపోయేది... మా నాన్న సిరిసిల్ల నుంచి బట్టల మూట తెచ్చి ఊళ్లల్లో అమ్మేవాడు. మూట బస్సు టాపు మీద, ఆయన బస్సులో నిలబడి. దాని గురించి ఏం గొప్పలు చెప్పుకోను?

ఒక ఎండాకాలం రఫీక్ నాన్న సెలవు మీద వస్తున్నాడని ఫోన్ వచ్చింది. పొద్దున ఏడింటికి అక్కడ విమానం ఎక్కుతాడట. రఫీక్ మేనమామ వెంటనే లెక్క కట్టాడు.

"పోయేటప్పుడు రెండు గంటలైతే వచ్చేటప్పుడు గంతే గద. నడుమ తొవ్వ ఏమన్న పెరుగుతదా? తొమ్మిదింటికి దిగుతడు."

అందరూ తలూపారు. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక నడుస్తుందని మా వాడలో ఒక్కరికీ తెలియదు...

విమానాశ్రయానికి పోయే జీపులో చోటు కోసం నేను రఫీక్ వాళ్లమ్మ కొంగు వదల్లేదు. "ఖాలా, నేను గూడ వస్త. సామాన్లు మోస్త!" విమానం మీద మోజు కాదు... వాడొక్కడే చూసొస్తే నన్ను బతకనిస్తాడా!

హైదరాబాద్‌లో విమానాశ్రయం బయట, ఇనుప కంచె పట్టుకుని నిలబడ్డాం. తొమ్మిదయింది... పదయింది... పదకొండు దాటింది. లోపలి నుంచి జనం వస్తున్నారు, దండలు పడుతున్నాయి, మా మనిషి లేడు.

"రెండు గంటల తొవ్వ... ఏమైనట్టు?" అన్నాడు మేనమామ. ఆ మాటకు ఖాలా అక్కడే కూలబడింది. రఫీక్‌గాడి గొప్పలు ఎటు పోయాయో, నా చొక్కా గట్టిగా పట్టుకున్నాడు.

నా నోరు ఊరుకుంటుందా!

"ఏడ్వకు ఖాలా. పోయేటప్పుడు ఖాళీ సంచితోని పోయిండు. ఇప్పుడు నువ్వు చెప్పిన సామానంత ఎక్కించిండు గద... ఇమానం బరువుకు మెల్లగ వస్తుంది!"

ఖాలా ఏడుస్తూనే నవ్వింది. "చుప్, షైతాన్!" మేనమామ మాత్రం "పోరడు కరెక్టే చెప్తుండు" అని నమ్మేశాడు.

పన్నెండు దాటాక రఫీక్ నాన్న కనిపించాడు. రఫీక్ నా చొక్కా వదిలేసి, కంచె కింద నుంచి దూరి ఒకటే పరుగు... ఆయన పెట్టెల బండిని దారి మధ్యలో వదిలేసి వాణ్ణి ఎత్తుకున్నాడు. పదేళ్ల గాడిదను! గిరగిరా తిప్పుతూ, ముద్దులు పెడుతూ...

ఆయన సెంటు, గడియారం చూసి కాదు, ఆ పరుగు చూసి కుళ్లుకున్నాను నేను. మా నాన్న రోజూ ఇంటికొచ్చే మనిషి. ఆయనకు ఎవరు ఎదురు పరుగెత్తుతారు?

ఇప్పుడు రఫీక్ కూడా దుబాయ్‌లోనే. ఫోన్ తీస్తే ఎన్ని కిలోమీటర్లో చెబుతుంది, విమానం సముద్రం మీద ఎక్కడుందో చూపిస్తుంది. మూడున్నర గంటలేనట... పోయేటప్పుడైనా, వచ్చేటప్పుడైనా! ఇక ఎవరూ భయపడరు, కంచె దాకా ఎవరూ పోరు. వాడే దిగి, కారు మాట్లాడుకుని, ఒక్కడే ఇంటికొస్తాడు. వాడి కొడుకు ఫోన్‌లోంచి తల ఎత్తకుండా "ఆగయే అబ్బా?" అంటాడు, వచ్చావా నాన్నా అని. అంతే.

మీరూ ఎవరింటి చుట్టాన్నో చూసి కుళ్లుకునే ఉంటారు... కింద రాయండి, నవ్వనులే. నాకైతే రఫీక్‌గాణ్ణి చూసి కుళ్లుకోవడానికి ఇప్పుడు ఏమీ మిగల్లేదు... అదే నా బాధ.