అక్క అని చెప్పుకున్న మనిషి

మొదటి షిఫ్టు ముగించుకుని గనిలోంచి పైకి వచ్చి, టోపీ దీపం అప్పగించి ఫోన్ తీసి చూస్తే, అక్క కూతురి నుంచి వరసగా మిస్డ్ కాల్స్ ఉన్నాయి. లోపలికి ఫోన్లు తీసుకుపోనివ్వరు కాబట్టి, మంచి వార్తయినా చెడ్డ వార్తయినా మాకు షిఫ్టు దిగాకే తెలుస్తుంది. తిరిగి చేశాను. "మామా, అమ్మ పోయింది. పొద్దుగాల గుండెల నొస్తున్నదన్నది, దవాఖానకు పోయేలోపే పోయింది," అని చెప్పింది ఆ పిల్ల. పక్కనున్నవాళ్లు నా మొహం చూసి ఏమైందని అడిగారు. మా అక్క చనిపోయిందన్నాను.

ఆమె నాకు అక్క కాదు. ఈ సంగతి మీకు ముందే చెప్పేయడం నయం. మా ఇద్దరిదీ ఒక ఊరు కాదు, ఒక కులం కాదు, దూరపు చుట్టరికమైనా లేదు. మా ఇద్దరికీ ఉన్న సంబంధమల్లా థైరాయిడ్. ఆ మాటను ఇలా కాగితం మీద పెట్టడానికి ఒక మనిషి చనిపోవాల్సి వచ్చిందంటే, నేనెలాంటివాణ్ణో మీరే అనుకోవచ్చు.

కొన్నేళ్ల కింద నాకు ఉన్నట్టుండి ఒళ్లు బరువెక్కింది. మొహం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది. గనిలో అందరూ చెమటలు కారుస్తుంటే నాకు చలేసేది. నాది పంపు ఆపరేటర్ ఉద్యోగం, లోపల ఊరే నీళ్లను పైకి తోడే పంపు దగ్గర ఒంటరిగా కూర్చునే పని. కూర్చుంటే చాలు కళ్లు మూతపడేవి. ఒకసారి మా పని చూసే సర్దార్ రౌండుకు వచ్చి, నిద్రపోతున్న నన్ను భుజం పట్టి కుదిపి లేపాడు. రిపోర్టు రాస్తే నా పని అయిపోయేది. ఆయన మంచివాడు కాబట్టి, తాగుడు జర తగ్గించుకోమని చెప్పి వదిలేశాడు. నేను తలూపాను. నిజానికి అప్పటికి నేను కల్లు ముట్టి కూడా చాలా కాలమైంది.

రక్తపరీక్షలో జబ్బు తేలాక కూడా ఆ తాగుబోతు పేరును నేను పోగొట్టుకోలేదు. మా దగ్గర అది ఆడవాళ్ల జబ్బు. ఎదురింట్లో, పక్కింట్లో, ఎవరికి ఉన్నా ఆడవాళ్లకే ఉంది. తాగుతాడంటే గనిలో ఎవరూ నవ్వరు, కలిసి పోదాం రమ్మంటారు. థైరాయిడ్ అంటే మాత్రం రిటైరయ్యేదాకా నవ్వుతారని నాకు గట్టి నమ్మకం. నా భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకు జాలి కన్నా రోత ఎక్కువ కలుగుతుంది.

ఈ అక్కను మొదట చూసింది దవాఖానలో. రక్తమిచ్చి రిపోర్టు కోసం ఆగే చోట ఒక పొడుగాటి బెంచీ ఉంది. ఆ రోజు దాని నిండా ఆడవాళ్లే. నేను దూరంగా స్తంభం పక్కన నిలబడ్డాను. బెంచీ చివర కూర్చున్న ఒక లావుపాటి ఆమె కొంచెం జరిగి, "కూసో తమ్మీ, ఇది అంటుకునేది కాదు," అంది. నాకు కాదు, మా ఇంటామెకు అన్నాను. ఆమె నా మోచేతి మడతలో అతికించిన దూది వైపు చూసింది. ఇంటామెకు జబ్బైతే సూది నీకు గుచ్చారా అని అడిగింది. బెంచీ మొత్తం నవ్వింది. నిలబడితే ఇంకా నవ్వుతారని కూర్చున్నాను.

అంతలో మా రిలే మనిషి ఒకడు వేలికి కట్టు కట్టించుకుని అటే వచ్చాడు. రిలే అంటే వారం వారం కలిసి షిఫ్టు మారే మా జట్టు. ఇంతమంది ఆడవాళ్ల మధ్య నీకేం పనన్నట్టు చూశాడు. మా అక్కను చూపించడానికి తెచ్చానని నోటికొచ్చినట్టు అనేశాను. పక్కనున్న ఆమె నన్ను ఎరగదు, నా పేరూ తెలీదు. అయినా తడుముకోకుండా నా భుజం మీద చెయ్యి వేసి, చీటీ నీ దగ్గరే ఉందా తమ్మీ, నన్ను పిలుస్తున్నారేమో జర చూడు అంది. వాడు ఆమెకు జాగ్రత్తలు చెప్పి వెళ్లిపోయాడు.

"అక్క అన్నవు గద, ఇగ ఆదివారం ఇంటికి రా. అల్లం చాయ్ పోస్త," అంది ఆమె.

ఆమె భర్త గనిలో పనిచేసి రిటైరైన మనిషి. ఆమె క్వార్టర్ ముందు రేకుల కింద మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. గొంతు కింద అడ్డంగా ఆపరేషన్ గీత ఉండేది. మిగతా ఆడవాళ్లు అలాంటిదాన్ని కొంగుతోనో పూసల దండతోనో కప్పుకుంటారు. ఈమె దాన్ని వేలితో చూపించి, డాక్టర్ మంచివాడే కానీ ఆ కుట్టు తనకు ఇస్తే చివర పికో కూడా చేసేదాన్ననేది. దేవత అని చెప్పను. నల్లా దగ్గర ఆమె వరసలో ఎవరైనా బిందె ముందుకు జరిపితే ఆ సందు మొత్తం ఆమె తిట్లు వినాల్సిందే. జాకెట్టు చెప్పిన రోజుకు ఎప్పుడూ ఇచ్చేది కాదు.

ఆదివారాలు ఆ రేకుల కింద బెంచీ ఆడవాళ్లంతా చేరేవాళ్లు. మా ఊళ్లో నలుగురు కూడితే యూనియన్ పెడతారు కాబట్టి ఆమె దానికీ యూనియన్ అనే పేరు పెట్టింది. మగవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి నన్ను గౌరవాధ్యక్షుణ్ణి చేసింది. జెండా లేదు, చందా లేదు, ఎన్నికలు లేవు, అందుకే కొట్లాటలు కూడా లేవనేది.

మీటింగు ఎప్పుడూ ఆమె తప్పులతోనే మొదలయ్యేది. ఈ వారం గోలి మరిచిపోయాననో, మింగీ మింగకముందే చాయ్ తాగేశాననో ముందుగా తనే ఒప్పుకునేది. అప్పుడు మిగతావాళ్ల నోళ్లు తెరుచుకునేవి. ఒకామె దువ్వెన నిండా జుట్టు వస్తోందనేది. ఒకామె ఏ పనీ చేయబుద్ధి కాక తలుపు వేసుకుని ఏడుస్తున్నాననేది. ఇంకొకామె ఎవరో ఇచ్చిన ఆకు పసరు తాగి గోలీలు మానేశానని చెప్పింది. అక్క చెప్పుకునే తప్పుల్లో సగం కల్పించినవేనని నాకు అనుమానం. అడిగితే మిషను తొక్కుతూ నవ్వింది. పసరు తాగినామెను మాత్రం మరునాడే వెంటబెట్టుకుని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. మందు పెంచాలా తగ్గించాలా అని ఎవరు అడిగినా తను చెప్పేది కాదు. "మనం డాక్టర్లం కాదు. మనకు పక్కకు కూసునుడు వస్తది, గంతే," అనేది.

ఆ కూర్చోవడం ఎలాంటిదో నేను చూశాను. ఒక ఎండాకాలంలో నాకు లేచి నిలబడాలన్నా మనసు రాక, వరసగా ఆదివారాలు ఎగ్గొట్టాను. ఆమె మా ఇంటికి వచ్చి, నా భార్యకు జాకెట్టు కొలతలు తీసే నెపంతో పొద్దంతా కూర్చుంది. నన్ను ఒక్క మాట అడగలేదు. నేను గోడ వైపు తిరిగి పడుకుని ఆమె మాటలు వింటూ ఉన్నాను. సాయంత్రానికి నాకు ఆకలైంది. అంత నిండుగా అన్నం తినడం చాలా రోజుల తర్వాత అదే.

ఆ రేకుల కింద నేను అన్నీ చెప్పుకునేవాణ్ణి. సందు మలుపు తిరిగితే మళ్లీ తాగుబోతునే. ఆదివారం ఎక్కడికని ఎవరైనా అడిగితే అక్కింటికి అనేవాణ్ణి. అలా రిలే మొత్తానికి ఆమె నా అక్క అయింది. ఆమె కూతురు నన్ను మామా అని పిలవసాగింది. ఆ పిలుపు వింటే సంతోషమయ్యేది, వెంటనే సిగ్గేసేది.

కిందటి వానాకాలంలో ఒక కొత్త కోడలు మా దగ్గరికి వచ్చింది. జీవితాంతం గోలీలు మింగే పిల్లను అంటగట్టారని ఆమె భర్త గోలీలు పారేశాడట, పుట్టింటికి పొమ్మంటున్నాడట. ఆ భర్త మా రిలేలోనే పనిచేసే యువకుడు. ఆ పిల్ల వెళ్లాక అక్క నన్ను ఆపింది.

"తమ్మీ, వానికి నువ్వు ఒక్క మాట చెప్పు. నాకూ ఉన్నది, గోలి ఏసుకుంట బొగ్గుబాయిల దిగుతున్న అని చెప్పు. మొగోని మాటైతే ఇంటడు."

సరే అన్నాను. మరునాడు షిఫ్టు ముందు వాడి పక్కనే కూర్చున్నాను. వాన గురించి మాట్లాడాను. గోదావరికి నీళ్లొచ్చిన సంగతి మాట్లాడాను. అసలు మాట నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోయింది. వాడికి తెలిస్తే రిలేకు, రిలేకు తెలిస్తే ఊరికి తెలుస్తుందన్న భయం. ఆదివారం అక్క అడిగితే చెప్పానన్నాను. చెప్పినా వినలేదన్నాను. నువ్వైతే చెప్పావు కదా, పోనియ్ అని నా గ్లాసులో ఇంకొంచెం చాయ్ పోసింది. ఆ పిల్ల పుట్టింటికి వెళ్లిపోయింది. అక్క నాతో ఆ సంగతి మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు.

ఆమె పోయిన మరునాడు పొద్దున నేను, నా భార్య వెళ్లేసరికి సందంతా మనుషులు. మా రిలే మొత్తం డ్యూటీలు మార్చుకుని వచ్చింది. పోయింది నా అక్క కదా. ఒక్కొక్కరే వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. ధైర్యం చెప్పారు. అవతల బెంచీ ఆడవాళ్లు ఒక్కచోట కూర్చుని ఏడుస్తూ, ఇదంతా చూస్తున్నారు. నేను తలెత్తలేకపోయాను.

భార్యను పుట్టింటికి పంపిన ఆ యువకుడు నన్ను గోడ వారగా పిలిచాడు. "అన్నా, మాఫ్ చెయ్యి. మీ అక్క మా ఇంటికొచ్చింది గప్పుడు," అన్నాడు. మా తమ్ముడు నీకు చెప్పినా ఎందుకు వినలేదని ఆమె అడిగిందట. నాకెవరూ ఏమీ చెప్పలేదని వీడన్నాడట. ఆమె, పని ఒత్తిడిలో మరిచిపోయినట్టున్నాడు, మంచివాడే అందట. నా సంసారంలో నీకేం పనని వీడు ఆమెను వాకిట్లోనే నిలబెట్టి పంపేశాడట. ఈ మాటలు చెబుతుంటే వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. తప్పు నాదైతే, క్షమించమని వాడు నన్ను అడుగుతున్నాడు.

అంటే నా అబద్ధం ఆమెకు తెలుసు. తెలిసి కూడా, ఆ తర్వాత వచ్చిన ప్రతి ఆదివారం నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

అప్పుడే ఇంట్లోంచి ఒక ముసలమ్మ బయటికి వచ్చింది. అక్క అత్తగారి వైపు పెద్దమనిషి. తల్లిగారి చీర ఏది, లేపే వేళవుతోంది అని అడిగింది. మా వైపు ఆడమనిషి పోతే పుట్టింటివాళ్లు కొత్త చీర తెచ్చి కప్పాలి. అక్క అమ్మానాన్నలు ఎప్పుడో పోయారు, తోడబుట్టినవాళ్లు లేరు. సందులో ఉన్నవాళ్లంతా నా వైపు తిరిగారు. నా చేతిలో పూలదండ మాత్రమే ఉంది.

నేను ఆమె తమ్ముణ్ణి కాదన్నాను. ఎవరికీ వినపడలేదు. మళ్లీ అన్నాను.

"నేను ఆమెకు ఏం గాను. నాకు థైరాయిడ్ ఉన్నది. దవాఖాన్ల ఆమె పక్కకు కూసున్న. మీరు నవ్వుతరని అక్క అని చెప్పిన."

ఆ యువకుడి వైపు తిరిగి, ఆమె నీకు చెప్పమన్న మాట చెప్పకుండా చెప్పానని అబద్ధమాడింది నేనేనని కూడా అన్నాను.

ఎవరూ నవ్వలేదు. ఆనాడు వేలికి కట్టు కట్టించుకుని వచ్చినవాడు, మరి తాగుడు సంగతేందని అడిగాడు. తాగడం లేదన్నాను. ఇన్నేళ్లూ ఉత్తగనే నిన్ను తాగుబోతు అనుకున్నాం కదా అన్నాడు, నిజంగానే బాధపడుతూ.

ముసలమ్మకు ఇదేమీ పట్టలేదు. చీర ఎవరు తెస్తారని మళ్లీ అడిగింది. అక్క కూతురు గడపలోకి వచ్చి నిలబడింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"నువ్వు అమ్మ తమ్మునివి గావని మొదటి దినమే ఎరుక మామా. అమ్మనే చెప్పింది. చీర తెస్తవా, తేవా?"

ఆ యువకుడు బండి తీశాడు. నేను వెనక ఎక్కాను. చౌరస్తాలో బట్టల దుకాణం అప్పుడే తెరుస్తున్నారు. ఏ రంగు కావాలంటే నాకు తెలియలేదు. ఇన్ని ఆదివారాలు ఆమె ఎదురుగా కూర్చుని నా గోడు చెప్పుకున్నాను కానీ, ఆమెకు ఏ రంగు ఇష్టమో చూడలేదు. చివరికి ఎర్ర అంచున్న పసుపు చీర తీసుకున్నాను.

తిరిగి వస్తుంటే బొగ్గు లారీలు ఎదురొస్తున్నాయి. వాడు వెనక్కి తిరగకుండానే ఏదో అడిగాడు. వినపడలేదన్నాను. గొంతు పెంచి మళ్లీ అడిగాడు.

"అన్నా, ఆ గోలి పొద్దుగాల పరిగడుపున్నే ఏసుకోవాల్నా? మా ఇంటిదాన్ని తోల్కొస్త."

అవునన్నాను. లారీల మోతలో వాడికి అందలేదు. చీరను రెండు చేతులతో గుండెకు పట్టుకుని, వాడి చెవి దాకా వంగి, థైరాయిడ్ గోలి లేవగానే ఉట్టి నీళ్లతో వేసుకోవాలని అరిచాను. షేర్ ఆటోల కోసం నిలబడ్డవాళ్లు తిరిగి చూశారు. చీర అంచు కవరులోంచి జారి గాలికి నా మొహం మీద కొడుతోంది. దాన్ని పక్కకు తీసుకుంటూ, వాడికి వినపడేదాకా అరుస్తూనే ఉన్నాను.