ఎల్ బోర్డు ట్రాక్టరు

ఆ రోజుల్లో నేను నాంపల్లిలో ఒక ఆఫీసులో టైపిస్టుని. మా ఆయన కాచిగూడలో ఒక ప్రెస్సులో పని చేసేవాడు. నాంపల్లి స్టేషను వెనక రెండు గదుల వాటా కిరాయికి తీసుకుని మేమిద్దరం, ఏడో తరగతి చదివే మా అమ్మాయి, మా నాయన ఉండేవాళ్ళం. అమ్మ పోయాక నాయనను మెదక్ నుంచి నేనే తెచ్చుకున్నాను. ఆయనకు రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఒక కంటికి ఆపరేషన్ చేయించినా చూపు సరిగ్గా రాలేదు.

నాయన మెదక్ దగ్గర మిషన్ వాళ్ళ ఫారంలో ఇరవై ఏళ్ళకు పైగా ట్రాక్టరు నడిపాడు. ఫారం మూసేసినప్పుడు ఆ ట్రాక్టరును పాత ఇనుము కొనేవాళ్ళు గ్యాసుతో ముక్కలు ముక్కలుగా కోసి లారీకెత్తుకు పోయారు. ఆ రోజంతా నాయన అక్కడే నిలబడి చూశాడనీ, ఇంటికొచ్చి అన్నం ముట్టలేదనీ అమ్మ చెప్పేది. ఆయన మాత్రం ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. అసలు మా ఇంటికొచ్చాక ఏ మాటా పెద్దగా ఎత్తేవాడు కాదు. పొద్దున బైబిలు చదివించుకునేవాడు, సాయంత్రం గుమ్మంలో కూర్చునేవాడు. అంతే.

తొంభైల చివర్లో ఒక ఆదివారం, చర్చి అయిపోయాక అమ్మాయికి లెక్కల గైడు కొందామని అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలు వెతుకుతున్నాను. ఒక కుప్పలో అట్ట మీద ట్రాక్టరు బొమ్మ ఉన్న సన్నటి ఇంగ్లీషు పుస్తకం కనబడింది. ట్రాక్టరు కొన్నవాళ్ళకు కంపెనీ ఇచ్చే పుస్తకం అది. బొమ్మలోది చిన్న బండి, బూడిద రంగుది. చిన్నప్పుడు నాయన ఒళ్ళో కూర్చుని స్టీరింగు పట్టుకున్న బండి అచ్చం అలాగే ఉండేది. గైడుతో పాటు దాన్నీ కొన్నాను.

ఆ సాయంత్రం నాయనకు చదివి వినిపించాను. ఇంగ్లీషులో ఒక వాక్యం చదివి తెలుగులో చెబుతుంటే, నేను పూర్తిచేసే లోపే తర్వాతిది ఆయన చెప్పేసేవాడు. పెట్రోలు మీద స్టార్టు చేయాలి, ఇంజను వేడెక్కాక కుళాయి తిప్పి కిరసనాయిలు మీదికి మార్చాలి, ఆపబోయే ముందు మళ్ళీ పెట్రోలు మీదికి తేవాలి. ఒకచోట నన్ను ఆపి, "అది తప్పు రాసిన్రు. గంత బిగిస్తే బోల్టు విరుగుతది," అన్నాడు. ఆయన అంతసేపు మాట్లాడటం చూసి మా ఆయన ఫ్యాను కట్టేసి మరీ విన్నాడు.

పుస్తకం వెనక అట్ట లోపల పెన్సిలుతో ఒక పేరు, అబిడ్స్ పోస్టాఫీసు వెనక గల్లీలోని ఇంటి నంబరు ఉన్నాయి. అది నేను చదివి చెప్పగానే నాయన, "బండి ఇంకా ఉన్నదేమో. ఉంటే పుస్తకం దాని దగ్గర ఉండాలె. ఇచ్చేసి రా బిడ్డా," అన్నాడు.

"ఎవరో అమ్ముకున్న పుస్తకం నాయినా."

"అమ్ముకున్నరో, తెల్వక పడేసిన్రో. అడిగితే పోయేదేముంది?"

మర్నాడు ఆఫీసు అయ్యాక వెళ్ళాను. చుట్టూ నాలుగంతస్తుల దుకాణాల మధ్య మిగిలిపోయిన పాత పెంకుటిల్లు. తలుపు తీసిన పెద్దాయనకు డెబ్బై ఏళ్ళు దాటి ఉంటాయి. చేతికర్ర, తెల్ల పైజమా. నేను పుస్తకం చూపించగానే లాక్కున్నంత పని చేశారు.

"ఏడ దొరికింది బేటా? మూడు నెలల సంది ఇల్లంతా తోడుతున్న. మా కోడలు పాత పేపర్లతోని కలిపి రద్దీవాడికి ఇచ్చేసింది."

"బండి ఉందా సార్?" అని అడిగాను.

ఆయన వెనకవైపు నడిచారు. మోకాలు నొప్పి కాబోలు, ప్రతి మెట్టు దగ్గరా ఆగుతున్నారు. పెరట్లో రేకుల షెడ్డు. కప్పిన గుడ్డ తీశారు. కిందా పైనా చూశాను. రంగు ఎక్కడా లేచిపోలేదు. టైర్ల కింద చెక్కలు పెట్టి ఉన్నాయి. సీటు మీద మడతపెట్టిన గోనెసంచి. వాళ్ళకు ఒకప్పుడు శంషాబాదు అవతల పొలం ఉండేదట. పొలం అమ్ముకున్నా బండి అమ్మబుద్ధి కాక ఇంటికి తెచ్చుకున్నారు. వారానికోసారి స్టార్టు చేసి, పది నిమిషాలు నడవనిచ్చి ఆపేస్తారు. ఇప్పుడు ఇంటిని బిల్డరుకు ఇస్తున్నారు. నాలుగు నెలల్లో ఖాళీ చేయాలి.

"కాంటా మీద తూచి కొంటనని పాత ఇనుము కబాడీవాడొకడు తిరుగుతున్నడు. హైవే మీద హోటలాయన ఇంకొకడు. లాల్ రంగు పూసి గేటు ముంగట నిలబెడతడట, పిల్లలు ఫోటోలు దిగనీకి. ఇద్దరికీ ఇయ్యబుద్ధి అయితలేదు," అన్నారు.

కొనాలన్న ఆలోచన అప్పటికి నాకు లేదు. నాయనకు ఒక్కసారి చూపించాలని మాత్రం అనుకున్నాను. వచ్చే ఆదివారం తీసుకొస్తానంటే ఆయన సరేనన్నారు.

ఆదివారం మేము వెళ్ళేసరికి హోటలు యజమాని తన మెకానిక్కును వెంటబెట్టుకొని వచ్చి ఉన్నాడు. మెకానిక్కు బండి ఎక్కి తాళం తిప్పాడు. తర్వాత స్టార్టరు బటను కోసం డ్యాష్‌బోర్డు అంతా తడిమాడు, సీటు కింద చూశాడు, దిగి ఇంజను పక్కన చూశాడు. పెద్దాయన కర్ర మీద గడ్డం ఆనించి చూస్తున్నారు. చివరికి మెకానిక్కు, "స్టార్టర్ తీసేసిన్రు సార్ దీనికి. ఉత్త డబ్బా," అన్నాడు.

నాయన నా భుజం మీది చెయ్యి తీసి, ఇంజను పక్కనుంచి తడుముకుంటూ వెళ్ళాడు. ఎవరినీ అడగలేదు. పెట్రోలు కుళాయి విప్పి, మడ్‌గార్డు పట్టుకుని ఎక్కి, గోనెసంచి మీద కూర్చుని క్లచ్చు తొక్కాడు. గేరు కర్రను మామూలు గేర్ల వైపు కాకుండా పక్కకు నెట్టాడు. ఆ బండికి వేరే స్టార్టరు బటను ఉండదు. గేరు కర్రనే ఆ చోటికి నెడితే ఇంజను తిరుగుతుంది. రెండోసారికి అందుకుంది. నాయన వెంటనే దిగలేదు. మొహం కొంచెం పక్కకు తిప్పి చప్పుడు వింటూ కూర్చున్నాడు. ఆయన అంత నిటారుగా కూర్చోవడం నేను చూసి చాలా ఏళ్ళయింది.

"ఏడ నడిపిన్రు డ్రైవర్ సాబ్?" అని పెద్దాయన గట్టిగా అడిగారు.

"మెదక్ కాడ, మిషన్ ఫారంల."

"ఆ బండి ఏమైంది?"

నాయన తాళం తిప్పి ఇంజను ఆపాడు. తర్వాత, "కోసుకపోయిన్రు సార్," అన్నాడు.

పెద్దాయన హోటలు యజమానికి ఆ పూటే నమస్కారం పెట్టి పంపించేశారు. నా వైపు తిరిగి, "మీకేమన్నా భూమి ఉన్నదా బేటా?" అన్నారు.

మా ఆయనకూ ఆయన తమ్ముడికీ కలిపి నర్సాపూర్ దగ్గర మూడెకరాలు ఉన్న మాట నిజమే. మా మరిది దున్నకానికి కిరాయి ట్రాక్టరు కోసం ప్రతి ఏడూ వాళ్ళ వెంటా వీళ్ళ వెంటా పడేవాడు. ఆ సంగతి చెప్పాను. కబాడీవాడు ఇస్తానన్నంతే ఇవ్వండి చాలన్నారు పెద్దాయన.

ఇంట్లో మా ఆయన, "ఉండనీకి సొంత ఇల్లు లేదు, ట్రాక్టరా?" అని రెండు రోజులు నవ్వాడు. మూడో రోజు తమ్ముడికి ఫోను చేసి తనే ఒప్పించాడు.

అసలు చిక్కు బండిని నర్సాపూర్ ఎలా చేర్చాలన్నది. లారీలో ఎక్కిద్దామంటే నాయన ససేమిరా అన్నాడు. లారీకి ఎక్కించిన ట్రాక్టరును ఆయన ఒకసారి చూసి ఉన్నాడు. నడిపిద్దామంటే నాయనకు చూపు లేదు, లైసెన్సు గడువు ఎప్పుడో అయిపోయింది. పెద్దాయనకు లైసెన్సు ఉంది గాని మోకాలు అంత దూరం క్లచ్చు తొక్కనివ్వదు. మా మరిదికి సైకిలు తప్ప రాదు. మా ఆయన స్కూటరు తప్ప ఏదీ ముట్టనన్నాడు. ఇద్దరు ముసలివాళ్ళూ ఒకేసారి నా వైపు తిరిగారు.

"నాకు లూనా బండి తప్ప రాదు," అన్నాను.

"లూనా వస్తే బ్యాలెన్స్ వస్తది. దీనికి అది గూడ అక్కర లేదు," అన్నారు పెద్దాయన.

లర్నర్ లైసెన్సుకు ఖైరతాబాద్ ఆర్టీఏ ఆఫీసుకు వెళ్ళాను. దరఖాస్తు చూసిన గుమస్తా కళ్ళద్దాలు పైకి తోసుకుని, "ట్రాక్టరుకా అమ్మా? చీర మీదనే నడుపుతరా?" అన్నాడు. ఔనన్నాను. ముద్ర వేసి ఇచ్చాడు. తర్వాత రెండు నెలలు, ప్రతి ఆదివారం చర్చి నుంచి నేరుగా ఆ పెరట్లోకే. ముందుకు ముప్పై అడుగులు, వెనక్కి ముప్పై అడుగులు. నాయన ఒక కుర్చీలో, పెద్దాయన ఒక కుర్చీలో కూర్చుని చెరోమాట చెప్పేవారు. "క్లచ్చి జర మెల్లగ ఇడువు" అని ఒకరు, "మెల్లగ కాదు, నిబ్బరంగ ఇడువమను" అని ఒకరు. మొదటి ఆదివారం తులసి కోట అంచు పగలగొట్టాను. పెద్దాయన కోడలు బయటికొచ్చి చూసి, "ఎట్లాగూ కొత్తది కట్టుకోవాలె లెండి," అని లోపలికెళ్ళింది. పుస్తకం రద్దీకి ఇచ్చేశానన్న నొప్పి ఆమె మనసులో కొంచెం ఉండిపోయిందనుకుంటాను. ఆ రోజు నుంచి మాకు టీ ఆమే తెచ్చేది.

బండి కాగితాలు నా పేరు మీదికి మారాక ఒక ఆదివారం పొద్దున ఆరింటికి బయల్దేరాం. ముందూ వెనకా ఎర్రటి ఎల్ అక్షరం అంటించాం. కుడి మడ్‌గార్డు మీద లైసెన్సున్న పెద్దాయన, ఎడమ మడ్‌గార్డు మీద నాయన, మధ్యలో నేను. వెనక స్కూటరు మీద మా ఆయన, కాళ్ళ దగ్గర కిరసనాయిలు డబ్బా. గల్లీలోంచి రోడ్డు మీదికి రాగానే స్టీరింగును రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాను. పెరట్లో ముప్పై అడుగులకు మించి ఎన్నడూ నడపలేదు కదా. ఫుట్‌పాత్‌ల మీద పుస్తకాలవాళ్ళు అప్పుడే మూటలు విప్పుతున్నారు. ఒకడు లేచి నిలబడి సలాము కొట్టాడు.

నాంపల్లి స్టేషను ముందు బండి ఆగిపోయింది. క్లచ్చు తొందరగా వదిలేశాను. అప్పుడే ఏదో రైలొచ్చినట్టుంది, ఆటోలన్నీ మా వెనక హారన్లు మోగిస్తున్నాయి. ఏది ఎటు నెట్టాలో ఒక్కసారిగా మరిచిపోయాను. ట్రాఫిక్ పోలీసాయన వచ్చేశాడు.

"ఏంది ఇది? ఊరేగింపా?"

పెద్దాయన కాగితాలు తీసిచ్చారు. పోలీసాయన అవి చూసి, ఎల్ బోర్డు చూసి, నన్ను చూశాడు. "ఏడికి పోతున్రమ్మా?"

"నర్సాపూర్."

"గీ బండి మీదనా?"

నాయన ఆయన వైపు తిరగకుండానే నాతో మెల్లగా అన్నాడు. "ఎవలనీ చూడకు. కిరసనాయిలు మీదున్నది, పెట్రోలు మీదికి తిప్పు. ఇగ క్లచ్చి. ఇగ కర్ర పక్కకు." ఒక్కొక్కటీ చేశాను. ఇంజను అందుకుంది. పోలీసాయన చెయ్యెత్తి ఆటోలను ఆపి, "పో అమ్మా, పో, ఫికర్ చేయకు," అన్నాడు. లక్డీకాపూల్ వచ్చేదాకా నేను రోడ్డు తప్ప మరేదీ చూడలేదు.

పెద్దాయన బాలానగర్ దాకా వస్తానన్నారు. అక్కణ్ణుంచి ఆటోలో వెనక్కి వెళ్ళిపోవాలి, మా పక్కన, ఈ మధ్యే ట్రాక్టరు లైసెన్సు వచ్చిన మరిది స్నేహితుణ్ణి కూర్చోబెట్టాలి అన్నది ఏర్పాటు. బాలానగర్‌లో ఆ స్నేహితుడు నిలబడి ఉన్నాడు కూడా. పెద్దాయన దిగలేదు. "ఇంకొంచెం దూరం వస్త," అన్నారు. ఆ అబ్బాయి మా ఆయన స్కూటరెక్కాడు. ఊరు దాటి రెండు పక్కలా చేలు మొదలయ్యాయి. ఎండ ముదిరింది. మడ్‌గార్డు కాలుతుంటే నా తువ్వాలు మడిచి నాయన కింద పెట్టాను. పెద్దాయన తన కింద పెట్టనివ్వలేదు.

నర్సాపూర్ చేరేసరికి పదిన్నరయింది. మా తోడికోడలు కోడికూర వండింది. పెద్దాయన మాంసం తినరని అప్పుడు తెలిసింది. ఆమె గబగబా పప్పు, పచ్చిపులుసు చేసి పెట్టింది. భోజనమయ్యాక ఆయన పొలం గట్టు దాకా కర్ర ఊతంతో వెళ్ళి, మట్టి చేతిలోకి తీసుకుని చూసి, "రెండు నాగళ్ళు మస్తు లాగుతది. మూడోది కట్టకుండ్రి," అని మరిదికి చెప్పారు. పెద్దాయన్ని మా ఆయన నాలుగు గంటల బస్సెక్కించాడు. బస్సు దాకా నాయన కూడా వెళ్ళాడు. ఏం మాట్లాడుకున్నారని అడిగితే, "ఏం లేదు, ఆయిల్ సంగతి," అన్నాడు.

ఆ ఏడాది వానాకాలం నాయన నర్సాపూర్‌లోనే ఉంటానన్నాడు. చూపు లేకపోయినా చప్పుడును బట్టి నాగలి ఎంత లోతుకు దిగిందో చెప్పేవాడట. మూడేళ్ళున్నాడు అక్కడ. రెండుసార్లు పెద్దాయన బస్సులో వచ్చి చూసి వెళ్ళారు. అప్పటికి ఇల్లు ఖాళీ చేసి వాళ్ళు కాచిగూడ వైపు మారిపోయారు. నాయన పోయినప్పుడు కబురు పంపితే, మోకాలు పూర్తిగా పడిపోయి రాలేకపోయారు. కోడలు వచ్చింది. సమాధి దగ్గర మా పద్ధతి తెలియక, మమ్మల్ని చూసి తనూ మట్టి వేసి, చేతులు జోడించి నిలబడింది.

నాకు పూర్తి లైసెన్సు వచ్చింది గాని ఆఫీసు వదిలి రోజూ దున్నలేను కదా. సెలవులకు వెళ్ళినప్పుడు మా తోడికోడలికి నేర్పాను. మరిదికి ఎంత చెప్పినా క్లచ్చు అలవడలేదు, ఆమెకు నాలుగు రోజుల్లో వచ్చేసింది. రెండువేల దశకం మొదట్లో చుట్టుపక్కల వాళ్ళు కొత్త పెద్ద ట్రాక్టర్లు కొన్నారు. వాటి ముందు మా బండి దూడలా ఉండేది. అయినా కూరగాయల మళ్ళకు, ఇరుకు గట్లున్న చిన్న మెట్ట చెలకలకు అదే కావాలని ఆడవాళ్ళు మా తోడికోడలినే పిలిచేవారు. ఆమె చీర కుచ్చిళ్ళు దోపుకుని, తల మీద తువ్వాలు వేసుకుని వెళ్ళేది. మొదట్లో నవ్విన మగవాళ్ళు, తర్వాత తమ చేను ఎప్పుడు దున్నుతావని మరిదిని అడిగేవారు. "నన్నెందుకు అడుగుతరు, ఆమెను అడుగుండ్రి," అనేవాడు అతను.