ప్రభాకరన్న లింకు

పదకొండు రోజులుగా ప్రభాకరరావుకు ఒక్క పాము కూడా రాలేదు. ఇంకో మనిషైతే దేవుడికి దణ్ణం పెట్టుకుని హాయిగా నిద్రపోయేవాడు. ప్రభాకరరావుకు మాత్రం అన్నం సయించడం మానేసింది.

దిగులు పడాల్సిన విషయమే. వానలు మొదలై మూడు వారాలైంది. కలుగుల్లోకి నీళ్ళు దిగి, పాములు పొడి చోటు వెతుక్కుంటూ ఇళ్ళ మీద పడే కాలం. గురజాల చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆయనకు రోజుకు మూడు నాలుగు ఫోన్లు రావాలి. పొయ్యి పక్కన కట్లపాము అనో, మోటారు షెడ్డులో నాగుపాము అనో. ఒక్కటీ లేదు. ఫోను మోగితే అది రీఛార్జి చేయించుకోమని చెప్పే ఆడగొంతే.

"పాములు రాలేదని బెంగపెట్టుకున్న మనిషిని ఈ పల్నాడు మొత్తంలో నిన్నొక్కణ్ణే చూశానయ్యా" అంది భార్య ఫిలోమినా, కంచంలో మిగిలిపోయిన అన్నం వైపు చూస్తూ.

"రాకుండా యాడికి పోతయ్యే? వస్తానే ఉంటయ్. నాకు తెలవట్లా, అంతే" అన్నాడాయన చెయ్యి కడుక్కుంటూ.

ప్రభాకరరావుకు యాభై మూడేళ్ళు. ప్రైవేటు జూనియర్ కాలేజీలో అటెండరు. బెల్లు కొట్టడం, గదులకు తాళాలు వెయ్యడం జీతానికి చేసే పని. పాములు పట్టడం మనసుతో చేసే పని. దానికి ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోడు, టీ ఇస్తే తాగుతాడు. పట్టిన పామును ఫారెస్టు వాళ్ళకు చెప్పి అడవి అంచున వదిలేసి వస్తాడు.

ఈ పనిలోకి ఆయన సరదాకి దిగలేదు. ఇరవయ్యారేళ్ళ కిందట వాళ్ళింట్లోకి కట్లపాము దూరింది. పాములు పట్టే మనిషి ఒకాయన పక్కూళ్ళో ఉండేవాడు. కబురు పంపితే "రేపొస్తాలే" అన్నాడు. రేపటిదాకా ఆగలేక ప్రభాకరరావు వాళ్ళన్న కర్ర పట్టుకుని దాని మీదికి వెళ్ళి కాటు తిన్నాడు. ట్రాక్టరు తెచ్చి ఆసుపత్రికి బయల్దేరేలోపే ప్రాణం పోయింది. "రేపొస్తాలే" అన్న ఆ మాట ప్రభాకరరావు చెవుల్లో ఇప్పటికీ ఉంది. అందుకే ఎవరు పిలిచినా, జ్వరంతో ఉన్నా, అన్నం ముందు కూర్చున్నా లేచి వెళతాడు. ఇరవయ్యారేళ్ళలో ఒక్క పిలుపునూ కాదనలేదని ఆయనకు లోలోపల చాలా గర్వం. బయటికి చెప్పడు గానీ, ఫిలోమినాకు తెలుసు.

పోయినేడాది దాకా ఆయన నంబరు ఊరూరా గోడల మీద ఉండేది. ఆ వేసవిలో ఒక బావిలో పడ్డ నాగుపామును పైకి తీస్తుంటే, చొక్కా జేబులోని ఫోను ఆ బావిలోనే పడింది. సిమ్ము ఏనాడో బావమరిది పేరు మీద తీసుకున్నది. ఆ బావమరిది పోయి నాలుగేళ్ళు. మళ్ళీ అదే నంబరు కావాలంటే పోయిన మనిషి వేలిముద్ర ఎక్కడి నుంచి తెస్తారు? నంబరు అంతటితో సరి.

అప్పుడే కూతురు సుస్మిత తెలివైన ఉపాయం చెప్పింది. ఆ పిల్ల చిలకలూరిపేటలో నూలు మిల్లు ఆఫీసులో కంప్యూటరు ముందు పనిచేస్తుంది. ఫొటోలూ వీడియోలూ పెట్టుకునే యాప్ ఒకదాంట్లో నాన్న పేరుతో, పాత నంబరు మీద తను ఎప్పుడో తెరిచిన ప్రొఫైల్ ఉంది. అందులో పేరు కింద ఒక లింకు పెట్టింది. ఆ లింకు నొక్కితే ఒక పేజీ వస్తుంది, ఆ పేజీలో ఆయన కొత్త నంబరు ఉంటుంది. "నంబరు ఎన్నిసార్లు మారినా లింకు మారదు నాన్నా" అంది. స్టిక్కర్లు వేయించింది. "పామును కొట్టొద్దు, ప్రభాకరన్నను పిలవండి" అని రాసి, పక్కన స్కాన్ చేస్తే ఆ ప్రొఫైల్ తెరుచుకునే గళ్ళ బొమ్మ. ప్రభాకరరావు రెండు ఆదివారాలు బండి మీద తిరిగి టీ బంకులకీ, రేషను షాపులకీ, సచివాలయం గోడలకీ వాటిని అంటించాడు. పాత నంబర్ల మీద తనే స్వయంగా సున్నం కొట్టాడు.

పన్నెండో రోజు పొద్దున బస్టాండులో పుల్లమ్మ కనిపించింది. పులిపాడు మనిషి, నాగభూషణరావు భార్య. చేతిలో క్యారియర్, కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"యాడికక్కా?" అన్నాడు ప్రభాకరరావు.

"నర్సరావుపేట ఆసుపత్రికి. మీ బావకి పింజరి కరిచింది. కాలు ఇంత లావైంది తమ్ముడా. ప్రాణానికి గండం లేదంటన్నారు గానీ కాలు సంగతి చెప్పట్లా."

"నాకు ఫోన్ చెయ్యకపోయావా అక్కా?" అన్నాడు.

పుల్లమ్మ ఆయన ముఖంలోకి సూటిగా చూసింది. "చెయ్యకేం? నీ స్టిక్కరు చూసే మా కోడలు నొక్కింది. ఏదో ఇంగ్లీషులో వచ్చింది. మూడుసార్లు నొక్కింది. తెరుచుకోలా. ఇంక మీ బావే కర్ర తీసుకున్నాడు."

బస్సు వచ్చింది, ఆమె ఎక్కి వెళ్ళిపోయింది. ప్రభాకరరావు అక్కడే బెంచీ మీద కూలబడ్డాడు. కర్ర తీసుకున్నాడు. అన్న కూడా అట్లాగే తీసుకున్నాడు. అప్పుడు రానిది వేరే వాడు, ఇప్పుడు రానిది తను. లింకు చెడిపోయింది, నాదేం తప్పు అని ఒక పక్క మనసు సర్దిచెప్పబోయింది గానీ ఆయనే దాన్ని సర్దుకోనివ్వలేదు.

కాలేజీకి సెలవు చెప్పేసి, తిన్నగా సత్తార్ సెల్ షాపుకి వెళ్ళాడు. సత్తార్ తన ఫోనులో ప్రొఫైల్ తీసి లింకు నొక్కాడు. తెల్లటి తెర, మధ్యలో రెండు ఇంగ్లీషు ముక్కలు.

"ఈ పేజీ లేదంటంది అన్నా."

"లేకపోవడమేంది? మా పిల్ల పెట్టింది గదా!"

సుస్మితకు ఫోను కలిపారు. "నాకు తెరుచుకుంటందే నాన్నా! ఇదిగో, ఇప్పుడే నొక్కా. నంబరు కూడా కనపడతంది" అందా పిల్ల.

"నాకు రావట్లా తల్లీ" అన్నాడు సత్తార్.

"నెట్టు స్లోగా ఉందేమో బాబాయ్."

యాప్ అప్‌డేట్ చేశారు. ఫోను ఆపి మళ్ళీ వెలిగించారు. షాపులో కూర్చున్న ఇద్దరు బేరగాళ్ళ ఫోన్లలో కూడా నొక్కి చూశారు. అదే తెల్లటి తెర. ప్రొఫైల్‌లోకి ఇక్కడి నుంచే వెళ్ళి సరిచేద్దామని పాస్‌వర్డ్ కొడితే, ఓటీపీ పంపామంది యాప్. ఎక్కడికి పంపింది? బావిలో ఉన్న నంబరుకి. ప్రభాకరరావుకు తలప్రాణం తోకకొచ్చింది. ఒక్కో నిమిషం గడిచేకొద్దీ, ఏ ఊళ్ళో ఎవరు ఏ కర్ర తీసుకుంటున్నారో అన్న ఆలోచనే. షాపు గుమ్మానికీ కౌంటరుకీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే సత్తార్ విసుక్కున్నాడు. "కూర్చో అన్నా. నువ్వు తిరిగితే సిగ్నల్ రాదు."

చివరికి కిటుకు సత్తార్‌కే తట్టింది. "అమ్మా, నీ ఫోన్లో పాతది దాచిపెట్టుకుని అదే చూపిస్తందేమో. పక్కన కూర్చున్నోళ్ళ ఫోన్లో చూడు."

అవతల సుస్మిత పక్కసీటు మనిషి ఫోను అడిగి తీసుకోవడం వినపడింది. తర్వాత సుస్మిత గొంతు సన్నగా వచ్చింది. "లేదు బాబాయ్. లేదంటంది."

సంగతేమిటంటే, ఆ పేజీని ఆ పిల్ల ఉచితంగా ఇచ్చే ఏదో సైటులో తయారు చేసింది. ఉచితానికి గడువుంటుందని అక్కడెక్కడో చిన్న అక్షరాల్లో ఉందట. గడువు పన్నెండు రోజుల కిందట తీరింది. ఇంట్లో కూర్చున్న వాళ్ళకు, తలుపుకి బయట గడియ పడిందని ఎట్లా తెలుస్తుంది? ఎవరో ఒకరు బయటి నుంచి వచ్చి తట్టాలి. తట్టిన వాళ్ళు తట్టి తట్టి వెళ్ళిపోయారు.

"నా వల్లే నాన్నా" అని ఏడ్చింది సుస్మిత.

"ఏడవమాక. ముందు బాగుచెయ్యి" అన్నాడు. అంతకంటే మెత్తగా మాట్లాడే ఓపిక ఆయనకు లేదు.

అరగంటలో బాగుచేసింది. ఈసారి మధ్యలో ఏ సైటూ లేదు. లింకు నొక్కితే నేరుగా ఆయన చాటింగ్ తెరుచుకుంటుంది, అక్కడే ఫోను గుర్తు ఉంటుంది. "పాము ఉంది. ఊరు:" అన్న ముక్క ముందే రాసి ఉంటుంది, ఊరి పేరు ఒక్కటి చేర్చి పంపాలి. సత్తార్ నొక్కాడు. ప్రభాకరరావు ఫోను టింగుమంది. పదకొండు రోజుల తర్వాత ఆయన గుండె నిండా గాలి పీల్చుకున్నాడు.

"మనిద్దరికీ వస్తే చాలదన్నా. ఇందాక మీ పిల్లకీ వచ్చింది గదా? నలుగురి చేతా నొక్కిద్దాం" అన్నాడు సత్తార్. సుస్మిత తన స్నేహితుల గ్రూపులో, సత్తార్ తన షాపు గ్రూపులో పెట్టారు. "లింకు నొక్కి, ప్రభాకరన్నకి ఫోన్ చేసి 'పాము' అని ఒక్క మాట చెప్పండి. టెస్టింగ్."

పల్నాడులో జనానికి ఇలాంటి పని చెబితే ఆగుతారా? పావుగంటలో ఫోను వేడెక్కింది. "అన్నా, పాము!" అని ఒకడు. "బాబాయ్, పాము, పెద్దది!" అని నవ్వుతూ ఒక ఆడపిల్ల. ఒకడు "ఊరు: మా అత్తగారిల్లు" అని రాసి పంపాడు. ప్రభాకరరావు ఒక్కొక్కరికీ "ఆఁ, వినపడింది నాయనా, పెట్టెయ్" అని చెప్పి పెట్టేస్తున్నాడు. ఇరవై అయ్యాయి. ముప్పై అయ్యాయి. ఆయన ముఖంలో కళ వచ్చింది. సత్తార్ టీ తెప్పించాడు.

టీ తాగుతుంటే ఇంకో ఫోను. ఆడమనిషి. గొంతు గుసగుసగా ఉంది. "అన్నా... పాము..."

"ఆఁ, వచ్చింది తల్లీ, పెట్టెయ్" అని ఆయనే పెట్టేశాడు.

ఇంకా ఏడెనిమిది ఫోన్లు వచ్చాక, మెసేజీలు సరిగ్గా పడ్డాయో లేదో చూద్దామని సత్తార్ ఆ ఫోను తీసుకుని పైకీ కిందికీ జరుపుతున్నాడు. ఒకచోట వేలు ఆగింది.

"అన్నా, ఇది ఎవరు?"

ప్రభాకరరావు కళ్ళజోడు సవరించుకుని చదివాడు. "పాము ఉంది. ఊరు: గోగులపాడు. వాటర్ ట్యాంకు పక్క రేకుల ఇల్లు. పాప ఉయ్యాల కింద ఉంది."

మిగతా వాళ్ళెవరూ ఇల్లు ఎక్కడో రాయలేదు. పాప సంగతి అసలే రాయలేదు. ఆ నంబరు నుంచి వచ్చిన ఫోను ఆరు సెకన్లు. పెట్టేసింది ఆయనే. అప్పటికి పంతొమ్మిది నిమిషాలు.

చేతిలో గ్లాసు ఎప్పుడు కింద పెట్టాడో ఆయనకు తెలియదు. ఆ నంబరుకు కలిపాడు. మోగింది, మోగింది, ఎత్తలేదు. మళ్ళీ కలిపాడు. ఎత్తలేదు. "ఎవడో వేళాకోళం చేశాడేమో అన్నా" అన్నాడు సత్తార్, తనకే నమ్మకం లేని గొంతుతో. ప్రభాకరరావు అప్పటికే బండి ఎక్కాడు. కొక్కెం కర్రా, పైపూ, గుడ్డసంచీ ఎప్పుడూ బండికే ఉంటాయి.

గోగులపాడు ఎంతో దూరం లేదు. ఆ రోజు మాత్రం ఆ దారి ఎంతకీ తెగలేదు. వాన నీళ్ళు నిలిచిన గుంటలు, అడ్డంగా గేదెలు, ఎదురుగా పురుగుమందు డబ్బాలతో ట్రాలీ. అబద్ధమై ఉండాలని ప్రభువును వేడుకున్నాడు. ఎవడో ఆకతాయి ఎగతాళి చేసి ఉండాలి, ఆ ట్యాంకు పక్కన రేకుల ఇల్లే ఉండకూడదు. పెట్టెయ్ అన్నావు గదరా, పెట్టెయ్ అన్నావు గదరా అని దారి పొడవునా తన్ను తానే తిట్టుకున్నాడు. "రేపొస్తాలే" అన్నవాడు కనీసం ఒక రోజు గడువిచ్చాడు. తను ఆరు సెకన్లిచ్చాడు.

వాటర్ ట్యాంకు ఉంది. పక్కన రేకుల ఇల్లూ ఉంది.

తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల మంచం మీద ఒక పాతికేళ్ళ మనిషి బొమ్మలా కూర్చుని ఉంది. కుడిచేత్తో చీర ఉయ్యాల తాడు పట్టుకుని మెల్లగా, చాలా మెల్లగా ఊపుతోంది. ఉయ్యాల ఆగితే పాప లేస్తుంది, లేస్తే కాళ్ళు తన్నుతుంది. ఉయ్యాల జానెడెత్తున వేలాడుతోంది. దాని కిందే, చల్లటి గచ్చు మీద, నాగుపాము చుట్ట చుట్టుకుని ఉంది. ఫోను మంచానికి అవతలి కొసన, చెయ్యి అందనంత దూరంలో బోర్లా పడి ఉంది.

"కదలమాక తల్లీ. అట్టానే ఊపు" అన్నాడు ప్రభాకరరావు.

పని రెండు నిమిషాల్లో అయిపోయింది. పాము పైపులోంచి సంచిలోకి జారాక, సంచి మూతి బిగించి కట్టాడు.

ఆమె ఎడమచేత్తో పాపను ఎత్తుకుని గుండెకు అదుముకుంది. పేరు వాసంతి. మొగుడు చేలో ఉన్నాడు. తాడు పట్టుకున్న చెయ్యి కట్టెలా బిగుసుకుపోయి వేళ్ళు తెరుచుకోవడం లేదు. ఏడవలేదు. దణ్ణం పెట్టలేదు. ఆయన వైపు చూసి ఒకే మాట అడిగింది.

"పెట్టేశావేందన్నా?"

ప్రభాకరరావు సంచి వైపు చూశాడు. సిగ్నల్ లేదనొచ్చు. దార్లో ఉన్నాననొచ్చు. ఆమె నమ్మేది కూడా.

"టెస్టింగ్ అనుకున్నానమ్మా" అన్నాడు.

"ఏం టెస్టింగు?"

ఆయన సంచి తీసుకెళ్ళి గుమ్మం బయట పెట్టాడు. ఆమె లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. అవి తాగడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

తిరుగు దారిలో, ఊరు దాటాక ఫోను మోగింది. సుస్మిత గ్రూపులో ఎవరో ఆలస్యంగా చూసినట్టున్నారు. ప్రభాకరరావు బండి పక్కకు ఆపాడు. హ్యాండిలుకు వేలాడుతున్న సంచి మెల్లగా కదిలింది.

"బాబాయ్, పాము!" అంది అవతలి గొంతు, నవ్వాపుకుంటూ.

"ఏ ఊరమ్మా?"

"అయ్యో, టెస్టింగ్ బాబాయ్."

"తెలుసు తల్లీ. అయినా ఏ ఊరో చెప్పు. ఇంట్లో చిన్నపిల్లలున్నారా?"