షో అడగని ఇల్లు

మా అత్తగారింట్లో దీపావళి తెల్లారి మధ్యాహ్నం పత్తాలాడతారు. పందెం చింతగింజలు. వాటికోసం ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉంది, ఏడాదికి ఒక్కసారి అటక మీంచి దిగుతుంది. ఆడేది నలుగురం: అత్త, మా ఆయన అన్న, అంటే నాకు బావ, ఆయన భార్య, నేను. ఆమెను నేను అక్కా అంటాను. మా ఆయన ఆడడు. చాయ్ కప్పులు అందిస్తూ తిరుగుతాడు.

తలా మూడు ముక్కలు. పందెం రెండు గింజలు, ఎవరైనా పెంచితే నాలుగు. అంతకు మించి పెంచడానికి లేదు, అది పోయిన మా మామ పెట్టిన హద్దు. చివరికి ఇద్దరే మిగిలినప్పుడు నాలుగు గింజలు వేసి "షో" అంటే ఎదుటివాళ్ళు ముక్కలు తిప్పి చూపించాలి. అంత ధైర్యం లేకపోతే మన ముక్కలు పడేయాలి. పడేశామా, గెలిచినవాళ్ళు చేతిలో ఏముందో చూపించనక్కర్లేదు.

మామ చెప్పని రూలు ఇంకోటుంది. పెద్దవాళ్ళను షో అడగకూడదు. అడిగితే వాళ్ళ మాటను అనుమానించినట్టట! కాబట్టి ఆ ఇంట్లో మా బావ ఏటా గెలుస్తాడు. గెలిచి, మాకు ఆట రాదని కూడా చెబుతాడు.

రెండేళ్ళ కింద ఆ ఆటలో నాకు జోడు రాణులు పడ్డాయి. అత్త పడేసింది, అక్క పడేసింది. మధ్యలో కుప్ప పెరిగింది. బావ నాలుగు గింజలు టకటకా వేసి, కుప్పను ముప్పైకి తెచ్చి, గొంతు పెంచాడు.

"ఏం పిల్లా, ఆడుతవా, పడేస్తవా? నా చేతిల ఉన్నయి మామూలు ముక్కలు కావు, ముందే చెప్తున్న."

రాణులను చూశాను, అత్తను చూశాను.

"పడెయ్ బిడ్డా, పెద్దోడు చెప్తుండు గదా," అంది అత్త.

పడేశాను. బావ గింజలు ఊడ్చుకుని, ఫోనొస్తే అవతలికి పోయాడు. ముక్కలు పోగేసి కలిపే పని ఎప్పుడూ నాదే. పోగేస్తూ ఆయనవి తిప్పాను. రెండు, ఐదు, తొమ్మిది. జోడు లేదు, రంగు కూడా కలవలేదు. షో అడిగితే నా రాణులే గెలిచేవి.

అరికాలి మంట నెత్తికెక్కింది. నాలుగు గింజలు దాచుకోవడానికి ముప్పై గింజలు అప్పగించాను. ఏడుసార్లు షో అడిగి ఏడుసార్లూ ఓడినా పోయేది ఇరవై ఎనిమిదే. ఎనిమిదోసారి గెలిస్తే చాలు. ఇంత చిన్న లెక్క డిగ్రీ చదివినదానికి ఇన్నేళ్ళూ తట్టలేదు. గింజలకోసమైతే అంత మండేది కాదు. నాకు మా దుకాణం రెండో షట్టర్ గుర్తొచ్చింది.

సిద్దిపేటలో మాది బట్టల దుకాణం. రెండు షట్టర్లు. ఒకదాంట్లో వ్యాపారం, రెండోదాంట్లో ఖాళీ అట్టపెట్టెలు. పెళ్ళికి ముందే నేను కుట్టు నేర్చుకున్నాను. పెళ్ళయిన రెండో ఏడు, ఆ రెండో దాంట్లో మిషన్ వేసుకుని జాకెట్లు కుడతానని అడిగాను. చీర కొన్నవాళ్ళు జాకెట్టూ అక్కడే కుట్టించుకుంటారు కదా అని నా ఆశ. బావ అన్నం కలుపుతున్నవాడు ఆగి, "అట్లయితే ఏరువడుదాం. దుకాణం, ఇల్లు రెండు పాళ్ళు చేద్దాం," అన్నాడు.

జాకెట్లకూ వేరుపడటానికీ ఏం సంబంధమో ఎవరూ అడగలేదు. అత్త ఏడుపు మొదలుపెట్టింది. మా ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. "వద్దులే బావా, ఉత్తగనే అడిగిన," అన్నాను. కరోనా పోయినంక మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే మాట, అదే ఏడుపు, మళ్ళీ నేనే పడేశాను. వంటింటి మూల, గ్యాస్ బండ పక్కన మిషన్ తొక్కుతూ పదహారేళ్ళు గడిపాను. పోపు వాసన పట్టిన జాకెట్లు ఇచ్చి మాటలు పడ్డాను.

ఆ రెండు, ఐదు, తొమ్మిది చూసిన తర్వాత వారం రోజులు ఒక్కటే ఆలోచన. అసలు ఈయన చేతిలో ఏముంది? గల్లా దగ్గర కూర్చుంటాడు, పేపర్ చదువుతాడు. కోహెడ నుంచి, బెజ్జంకి నుంచి వచ్చే గిరాకీ గుమ్మంలోనే "తమ్ముడు లేడా?" అని అడుగుతుంది. దుబ్బాక పోయి తువ్వాళ్ళు, చీరలు ఏరి తెచ్చేది మా ఆయన. వేరుపడితే ఆయనకు మిగిలేది పేపరే. అంతా మేకపోతు గాంభీర్యం! ఒకవేళ నిజంగానే వేరుపడినా, మాకు ఒక షట్టర్ వస్తుంది, మిషన్ ఎట్లాగూ నాదే. నేను అడిగిందీ అదే.

ఆ ఆదివారం అన్నాల దగ్గర మూడోసారి అడిగాను.

"ఎన్నిసార్లు చెప్పాలె? ఏరువడుదాం!" కంచం అదిరేలా అరిచాడు బావ.

"షో," అన్నాను.

నోట్లోంచి అట్లాగే వచ్చింది. అత్తకు ఏడవడం గుర్తురాలేదు.

"ఏందది?" అన్నాడు బావ.

"ఏరువడుదాం బావా. పెద్దమనుషులను ఎప్పుడు పిలుస్తరో చెప్పుండ్రి. ఆయిత్తారమా, సోమారమా? చాయ్ నీళ్ళకు నేను పాలు చెప్పి పెడ్త."

బావ మజ్జిగ పోసుకున్నాడు. చాలాసేపు కలిపాడు.

"ఏందో, మాటవరుసకు అన్న," అన్నాడు.

మాటవరుసకట! నా పదహారేళ్ళు ఆయనకు మాటవరుస. ఆయన నిజంగానే పాళ్ళు పంచినా నాకంత కోపం వచ్చేది కాదేమో.

మర్నాడే షట్టర్ తెరిపించాను. తుప్పు పట్టి సగంలో ఇరుక్కుంటే మా ఆయన నూనె పోసి, భుజం పెట్టి లేపాడు. ఆ పనికి మాత్రం ఎవరూ చెప్పకుండానే వచ్చాడు. అక్క చీపురు తీసుకుని వచ్చింది. ఇద్దరం అట్టపెట్టెలు బయట వేస్తున్నాం.

"నాకు ఎరుకనే," అంది అక్క ఉన్నట్టుండి. "ఆయన చేతిల ఏం లేనప్పుడే గొంతు లేస్తది."

నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. "మరి ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలేదక్కా?"

అక్క ఊడుస్తూనే ఉంది. "నాకు పత్తాలు రావనుకున్నవా? పక్కన కూసుంట, ఆయన ముక్కలన్నీ కనవడ్తయి. నాకు ముగ్గురు రాజులు వచ్చినప్పుడు గూడ నేను పడేసిన."