దారపు గుండీకి ఆఖరి ముడి

ఇందులో ఒక్క ముక్క అబద్ధమైనా, ఈ జన్మలో నాకు మళ్ళీ కిటికీ పక్క సీటు దొరక్కూడదు.

తిరువూరు బస్టాండులో మిట్టమధ్యాహ్నం నెమలి అనే ఊరికి వెళ్ళే బస్సు కోసం బల్ల చివర కూర్చున్నాను. పక్కనే ఒక ముసలావిడ తెల్లదారంతో చొక్కా గుండీ అల్లుతోంది. నేను అదేపనిగా చూస్తుంటే నవ్వింది.

"నేర్చుకుంటావా బాబూ? మా ఆయన దర్జీ. ఆయనే నాకు నేర్పారు."

దారాన్ని వేలికి ఏడు చుట్లు చుట్టి, ఆ చుట్ట విడిపోకుండా సూదితో చుట్టూ కుట్టుకు రావాలి. నా చేతిలో మూడు పాడయ్యాయి. చివరికి తను సగం అల్లినదే ఇచ్చింది. నేను దాన్ని పూర్తిచేసి, ఆఖరి ముడి బిగించి, దారం పంటితో తెంపాను.

ఆవిడ ముఖం పాలిపోయింది.

"ఎంత పని చేశావయ్యా! ఆయన పోయి ఆరేళ్ళు. గుండీ ఊడిన చొక్కాతో ఎక్కడికీ కదిలే మనిషి కాదు. ఇది పూర్తికాలేదనే ఇన్నాళ్ళూ నా దగ్గర ఉండిపోయారు."

అవతలి ఖాళీ చోటువైపు తిరిగి, "సరే, ఇక వెళ్ళిరండి" అంది.

ఆ చివర ఎవరో లేచినట్టు, మేం కూర్చున్న బల్ల నా వైపు ఒరిగింది.

బల్ల ఒరగడం నిజమే. నేను కల్పించింది ఒక్కటే. గుండీ పూర్తయితే ఆయన వెళ్ళిపోతారన్న సంగతి ఆవిడ నేను ముడి వేశాక చెప్పలేదు, గుండీ చేతికిస్తూనే చెప్పింది. ఏమవుతుందో చూద్దామనే ఆ ముడి వేశాను.