పరీక్ష తప్పిన కారు

బాపట్లలో కారు తోలడం నేర్చుకోవాలనుకున్న ఆడవాళ్ళకి ఎవరో ఒకరు అబీదా పేరు చెబుతారు. యాభై దాటిన మనిషి. నూలు చీర కొంగు తలమీదుగా తీసి భుజం దగ్గర పిన్ను పెట్టుకుని, తెల్లటి పాత డీజిలు కారులో ఎడమ పక్క సీట్లో కూర్చుని ఉంటుంది. ఆ పక్క కూడా కాళ్ళ దగ్గర ఒక క్లచ్చీ, ఒక బ్రేకూ ఉంటాయి. నేర్చుకునేవాళ్ళు కంగారుపడితే ఆవిడ కాలే కారుని ఆపుతుంది.

ఆవిడ పుట్టింది రేపల్లెలో. తండ్రికి సైకిలు షాపు ఉండేది. అద్దె సైకిళ్ళలో చిన్నదాన్ని ఏరుకుని స్టేషను రోడ్డు పొడుగునా తొక్కేది. కాస్త ఎదిగాక ఒకరోజు సైకిలు తీయబోతే తండ్రి సీటు మీద చెయ్యి వేసి, ఇక చాల్లే లోపలికి వెళ్ళమన్నాడు. తిట్టలేదు, కేకలెయ్యలేదు. అంతటితో ఆ ముచ్చట అయిపోయింది.

పెళ్ళయి బాపట్ల వచ్చాక భర్త యాకూబ్ డ్రైవింగ్ స్కూలు పెట్టాడు. ఆడవాళ్ళు వచ్చి అడిగేవారు గానీ, పరాయి మగమనిషి పక్కన కూర్చుని నేర్చుకోవడానికి మొహమాటపడి వెనక్కి వెళ్ళిపోయేవారు. అది చూసి యాకూబ్ ముందు భార్యకి నేర్పాడు. అప్పుడే కొన్న ఈ డీజిలు కారులోనే, సూర్యలంక వెళ్ళే రోడ్డు మీద, సరుగుడు తోపుల మధ్య ఆవిడ మొదటిసారి స్టీరింగు పట్టుకుంది. ఆ తర్వాత యాకూబ్‌కి మోకాళ్ళు అరిగిపోయి క్లచ్చి తొక్కడం కష్టమైంది. అతను ఆఫీసు గదిలో కుర్చీకి పరిమితమయ్యాడు. కారు పూర్తిగా ఆవిడ చేతికొచ్చింది.

ఆ ఏడు అబీదా దగ్గర నేర్చుకుంటున్న వాళ్ళలో లక్ష్మీదుర్గ ఒకావిడ. అంగన్‌వాడీ టీచరు. పిల్లలకి పాటలు చెప్పే గొంతు గట్టిదే కానీ, స్టీరింగు ముందు కూర్చుంటే మాట పెగిలేది కాదు. భర్త గోపాలకృష్ణకి షుగరు వల్ల చూపు మందగించి, వాళ్ళ కారు ఇంటి పక్క రేకుల షెడ్డులో ఊరికే పడి ఉంది. లైసెన్సు వచ్చాకే తాళం చెవి ఇస్తాననీ, దసరా దాకా చూసి లేకపోతే అమ్మేస్తాననీ ఆయన చెప్పేశాడు. లక్ష్మీదుర్గ అక్క ఉషశ్రీ కారంచేడులో మంచంలో ఉంది. నడుము విరిగి లేవలేదు. చీరాలలో బస్సు మారి వెళ్ళి, అక్క తలకి నూనె రాసి, రెండు మాటలు మాట్లాడేసరికి తిరుగు బస్సు వేళయిపోయేది. కారు తోలడం వస్తే పొద్దున వెళ్ళి సాయంత్రం దాకా అక్క దగ్గర కూర్చోవచ్చన్నదే ఆవిడ ఆశంతా.

మొదట్లో రివర్సు అంటే స్టీరింగు ఎటు తిప్పాలో తోచేది కాదు. అబీదా ఆవిడ మణికట్టు మీద చెయ్యి వేసి, వెనక్కి తిరిగి చూడమనీ, తొందరేం లేదనీ చెబుతుండేది. ఒకరినొకరు వదినా అని పిలుచుకునే చనువు వచ్చింది. వర్షాలు మొదలయ్యేనాటికి లక్ష్మీదుర్గ జమ్ములపాలెం రోడ్డులో ఎదురుగా లారీ వస్తున్నా అదరకుండా పక్కకి తీసేది. ఇక టెస్టుకి వెళ్ళడమే మిగిలింది.

అప్పుడే కారుకి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కోసం ఎఫ్‌సీ పరీక్ష వచ్చింది.

బ్రేక్ ఇన్‌స్పెక్టరు కుర్రవాడే, మర్యాదస్తుడు. ఇంజను రేజు చెయ్యమన్నాడు. వెనక గొట్టంలోంచి నల్లటి పొగ భళ్ళున వచ్చింది. హ్యాండ్ బ్రేకు వేయించి తోయిస్తే కారు మెల్లగా కదిలింది. హెడ్‌లైట్ల అద్దాలు పచ్చబడి ఉన్నాయి. చివరికి రబ్బరు మ్యాటు ఎత్తి చూశాడు. ఏళ్ళ తరబడి ఉప్పుగాలిలో తిరిగిన కారు. కింద రేకు తుప్పు పట్టి, వేలితో నొక్కితే పొరలుగా రాలింది.

"అమ్మా, ఇది నేర్పే బండి. దీన్లో కూర్చునేవాళ్ళకి ఇంకా చెయ్యి తిరగదు. నేనెలా పంపను చెప్పండి?" అన్నాడు.

ఆవిడ మ్యాటు మళ్ళీ పరిచింది. అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు.

ఆ సాయంత్రం యాకూబ్ విషయమంతా విని, కారు తెనాలిలో తన పాత స్నేహితుడు యేసుదాసు షెడ్డుకి పంపమన్నాడు. అది బాగై వచ్చేలోపు నేర్చుకునేవాళ్ళని రోహిత్ దగ్గరికి పంపితే మంచిదన్నాడు. అబీదా మొహం మాడ్చుకుంది. రోహిత్ ఒకప్పుడు ఈ స్కూల్లోనే, ఈ కారులోనే పని నేర్చుకున్నవాడు. తర్వాత బస్టాండు దగ్గర సొంతంగా స్కూలు పెట్టుకుని, కొత్త పెట్రోలు కారు కొన్నాడు. పోయేటప్పుడు ఇక్కడికి రావాల్సిన కొందరు అతని వెంట వెళ్ళారు. యాకూబ్ దాన్ని పట్టించుకోలేదు. బతకాల్సిన పిల్లాడు అన్నాడు. అబీదా మాత్రం అతని బోర్డు ముందు నుంచి వెళ్ళేటప్పుడు తల తిప్పుకునేది.

మర్నాడు రోహిత్ తనే వచ్చాడు. సంగతి అప్పటికే ఊళ్ళో తెలిసిపోయింది.

"అక్కా, మీ కారు వచ్చేదాకా నా బండి వాడుకోండి. దాన్లో కూడా రెండు వైపులా పెడల్స్ ఉన్నాయి. పక్కన మీరే కూర్చుని నేర్పండి, టెస్టుకీ తీసుకెళ్ళండి. నేను అడ్డం రాను" అన్నాడు.

"వద్దులే రోహిత్. వారంలో వచ్చేస్తుంది" అంది అబీదా.

అతను యాకూబ్‌తో కాసేపు కూర్చుని టీ తాగి వెళ్ళిపోయాడు. గడప దాటేటప్పుడు మళ్ళీ ఒకసారి ఆవిడ వైపు చూశాడు. ఆవిడ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది. లక్ష్మీదుర్గకి ఫోను చేసి, వారం ఆగమని చెప్పింది. రోహిత్ వచ్చిన సంగతి చెప్పలేదు.

వారం అనుకున్నది అలా సాగుతూనే ఉంది. యేసుదాసు షెడ్డు చెంచుపేట దాటాక ఉంటుంది. అతను నెమ్మదస్తుడు, పని మీద ప్రేమ ఉన్నవాడు. హ్యాండ్ బ్రేకు తీగ మార్చడం, లైట్ల అద్దాలు పాలిష్ పట్టించడం వెంటనే అయిపోయాయి. కింద రేకు దగ్గర అసలు చిక్కు వచ్చింది. తుప్పు కోసేసి కొత్త రేకు అతకాలంటే ఎడమ పక్క పెడళ్ళు విప్పాలి. విప్పితే వాటి కడ్డీని కూడా తుప్పు సగం తినేసి ఉంది. పొగ తగ్గడానికి, ఇంజనులోకి డీజిలు చిమ్మే నాజిళ్ళు శుభ్రం చేయించాడు. కొంత తగ్గింది కానీ పోలేదు. డీజిలు పంపే అరిగిపోయిందని తేలింది. కొత్త పంపులు రావడం మానేశాయి. పాత బండి నుంచి తీసినదేదైనా దొరికితే బాగు చేస్తానన్నాడు.

అబీదా పాసింజరు రైల్లో తెనాలికి వస్తూ పోతూ ఉంది. నిడుబ్రోలు, చుండూరు దాటుతుంటే కిటికీ లోంచి నాట్లు వేసిన పొలాలు చూస్తూ, లక్ష్మీదుర్గకి ఈసారి ఏం చెప్పాలా అని ఆలోచించేది. ప్రతిసారీ ఇంకో నాలుగు రోజులనే చెప్పింది. లక్ష్మీదుర్గ ప్రతిసారీ సరేనండి వదినా అనే అంది.

ఒకరోజు యేసుదాసు స్టూలు మీద కూర్చుని, నూనె చేతులు గుడ్డకి తుడుచుకుంటూ అడిగాడు.

"చెల్లెమ్మా, ఒక మాటంటాను, ఏమీ అనుకోకు. ఈలోపు ఇంకో బండి ఏదైనా చూసుకోకూడదా? దీన్ని నేను తయారుచేసిపెడతాను. టైము మాత్రం నా చేతిలో లేదు."

"ఇంకో బండిలో నాకు చెయ్యి రాదన్నా" అంది ఆవిడ.

అది నిజం కాదని ఆవిడకి తెలుసు. యేసుదాసుకీ తెలిసే ఉంటుంది. అతను తల ఊపి, రేపల్లెలో పాత ఇనుము కొట్టు ఒకటుందనీ, అక్కడ ఇదే రకం కారు విప్పి పెట్టారనీ, వెళ్ళి పంపు ఉందేమో చూసి రమ్మనీ చెప్పాడు.

అబీదా తెనాలి నుంచి రేపల్లె రైలెక్కింది. పుట్టింటివాళ్ళెవరూ అక్కడ ఇప్పుడు లేరు. తండ్రి సైకిలు షాపు ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణం వచ్చింది. దాని ముందు నుంచే నడిచి ఇనుము కొట్టుకి చేరింది. విరిగిన తలుపులు, బానెట్లు గుట్టలుగా పడి ఉన్నాయి. వాటి వెనక తన కారు లాంటిదే, చక్రాలు లేకుండా, ఇటుకల మీద ఆనించి ఉంది. పంపు ఉంది. కొట్టతను దాన్ని విప్పుతుండగా ఫోను మోగింది. లక్ష్మీదుర్గ.

"వదినా, గురువారం టెస్టుకి రమ్మన్నారు. ఇది తప్పితే, నేర్చుకోవడానికిచ్చిన ఎల్లెల్లార్ గడువు అయిపోతుందంట. మా ఆయనా అడుగుతున్నాడు. ఏం చెయ్యమంటారు?"

రోహిత్ పేరు అబీదా నోటిదాకా వచ్చింది. ఒక్క మాట చెబితే చాలు. గురువారం పొద్దున ఆ పెట్రోలు కారులో ఇద్దరూ వెళ్ళి వచ్చేవారు. ఎదురుగా కొట్టతను పంపుని రెండు చేతులా పట్టుకుని చూపిస్తున్నాడు. అది చూడగానే ఆవిడకి ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

"మళ్ళీ ఎల్లెల్లార్ తీసి ఇంకో తేదీ తీసుకుందాం వదినా. కావలసింది దొరికింది. మన కారులోనే వెళ్దాం, నా మాట నమ్మండి" అంది.

"సరేనండి" అంది లక్ష్మీదుర్గ. వదినా అనలేదు. అది అబీదా అప్పుడు గమనించలేదు. రైల్లో ఒడిలో పంపు పెట్టుకుని, చీరకి మరక అవుతున్నా పట్టించుకోకుండా, సంతోషంగా తెనాలి వచ్చింది.

పంపు బాగుచెయ్యడం, బిగించడం, మళ్ళీ విప్పి సరిచెయ్యడం అన్నీ అయ్యేసరికి దసరా వెళ్ళిపోయింది. కారు మళ్ళీ అదే ఇన్‌స్పెక్టరు ముందుకి వెళ్ళింది. పొగ సన్నగా, లేత బూడిదరంగులో వచ్చింది. హ్యాండ్ బ్రేకు పట్టింది. అతను మ్యాటు ఎత్తి, కొత్త రేకుని బూటుతో గట్టిగా తొక్కి చూసి, బాగా చేయించారమ్మా అన్నాడు.

అబీదా ఇంటికి వెళ్ళలేదు. తిన్నగా లక్ష్మీదుర్గ వాళ్ళింటికి వెళ్ళి గేటు ముందు హారను కొట్టింది. దిగి చూస్తే రేకుల షెడ్డు ఖాళీగా ఉంది. కారు ఉన్నచోట నేల మీద ఆయిలు మరక, ఒక పక్కన ఉల్లిపాయల బుట్ట.

లక్ష్మీదుర్గ నవ్వుతూనే లోపలికి పిలిచింది. కాఫీ ఇచ్చింది. కారు పాసైందంటే సంతోషించింది. వాళ్ళ కారు గోపాలకృష్ణ మేనల్లుడు తీసుకున్నాడనీ, ఎలకలు వైర్లు కొరికేస్తుంటే ఎన్నాళ్ళని ఉంచుకుంటామనీ, మామూలు సంగతిలాగే చెప్పింది.

"మళ్ళీ ఎల్లెల్లార్ తీద్దాం వదినా. మీకు అంతా వచ్చేసింది" అంది అబీదా.

"తీసి ఏం తోలను?"

ఆ మాటలో కోపం లేదు. ఉండి ఉంటే అబీదాకి కొంత తేలికయ్యేది.

లక్ష్మీదుర్గ కాఫీ గ్లాసు అంచు తుడుస్తూ మళ్ళీ అంది. "ఆ రోహిత్ గారి దగ్గరికి వెళ్దామని నాకూ అనిపించింది. ఒకరోజు వాళ్ళ ఆఫీసు దాకా వెళ్ళాను కూడా. మెట్లెక్కబోయి, మీరు బాధపడతారేమోనని వెనక్కి వచ్చేశాను."

అబీదా తల దించుకుంది. అతను తన ఇంటికి వచ్చి కారు ఇస్తానన్నాడని ఇప్పుడైనా చెప్పాలనుకుంది. చెప్పింది. లక్ష్మీదుర్గ విని, "పోనీలెండి వదినా" అంది. ఇంకో కాఫీ తాగుతారా అని అడిగింది.

ఆ ఆదివారం అబీదా ఆవిడని కారంచేడు తీసుకెళ్ళింది. తనే అడిగి, బలవంతం చేసి బయల్దేరదీసింది. చీరాల దాటాక రోడ్డు తిన్నగా, ఖాళీగా కనిపిస్తే పక్కకి ఆపి, కాసేపు తోలండి, నేను ఇటు కూర్చుంటాను అంది. లక్ష్మీదుర్గ స్టీరింగు వైపు చూసింది. చెయ్యి కొంచెం కదిలింది కూడా. తర్వాత తల అడ్డంగా ఊపి, మీరే పోనివ్వండి, అక్క ఎదురుచూస్తూంటుంది అంది. అబీదా మళ్ళీ గేరు వేసింది.

ఉషశ్రీ మంచం కిటికీ పక్కనే ఉంది. గేటు ముందు కారు ఆగిన చప్పుడు విని తల ఎత్తింది. మనిషి సగమైపోయినా కళ్ళల్లో వెలుగు వచ్చింది.

"నువ్వే తోలుకొచ్చావటే?" అంది చెల్లెలితో.

"లేదక్కా" అని లక్ష్మీదుర్గ నూనె సీసా కోసం లోపలికి వెళ్ళింది. అబీదా గుమ్మంలో నిలబడిపోయింది.

ఆ రోజు వాళ్ళు సాయంత్రం దాకా అక్కడే ఉన్నారు. వచ్చేటప్పుడు, ఎప్పుడు రావాలన్నా తనని పిలవమని అబీదా చెప్పింది. లక్ష్మీదుర్గ తప్పకుండా అంది. ఆ తర్వాత ఒక్కసారి కూడా పిలవలేదు. బస్సులోనే వెళ్ళి వస్తోందని వాళ్ళ వీధి నుంచి వచ్చి నేర్చుకుంటున్న ఒకావిడ చెప్పింది.

ఆ చలికాలంలోనే అబీదా రోహిత్ ఆఫీసు మెట్లెక్కింది. ఎవరి బండి మూలపడినా రెండోవాళ్ళ బండిలో నేర్పుకునేలా మాట్లాడుకుని వచ్చింది. అతను ఏదో మొదటినుంచీ అనుకున్నదే అన్నట్టు, అలాగే అక్కా అన్నాడు. ఆ సంగతి చెబితే యాకూబ్ మంచిపని చేశావన్నాడు. లక్ష్మీదుర్గ గారికి కూడా చెప్పు అన్నాడు. అబీదా ఫోను తీసి ఆవిడ పేరు దాకా వెళ్ళి, ఏమని చెప్పాలో తోచక, మళ్ళీ బల్లమీద పెట్టేసింది. బయట కొత్తగా చేరినావిడ వచ్చి కారు పక్కన నిలబడి ఉంది. అబీదా చెప్పులు వేసుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళింది.