ఎవరింటి చావు

బీడీలు చుట్టేవాళ్లకు చేతులు ఖాళీ ఉండవు గానీ చెవులు ఎప్పుడూ ఖాళీయే. అందుకే బాన్సువాడలో మా వాకిట్లో పేపరు చదివే అలవాటు పుట్టింది. పొద్దున్నే వంట ముగించుకుని, ఆ బజారు ఆడవాళ్లం నలుగురైదుగురం చాటలు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాళ్లం. వాళ్లలో పదో తరగతి దాకా చదివింది నేనొక్కదాన్నే కాబట్టి చదవడం నా వంతు. చదువుతూ ఉంటే నా చాట నిండదు. అందుకని తలా కొన్ని బీడీలు చుట్టి నా చాటలో వేసేవాళ్లు. దొంగతనాలు, లేచిపోవడాలు చదివితే చెయ్యి ధారాళంగా కదిలేది. రాజకీయాలు చదివితే మాత్రం అందరికీ ఒక్కసారే మతిమరుపు వచ్చేది.

రెండు వేల సంవత్సరం దాటి, యుద్ధాల వార్తలు మొదటి పేజీలో కాపురం పెట్టిన రోజులవి. మా తమ్ముడు అప్పటికే గల్ఫ్‌కు వెళ్లాడు. వంటమనిషి పని అని చెప్పి తీసుకెళ్లారు. తీరా చూస్తే అది ఎడారిలో విమానాల మైదానం పక్కనే ఉన్న మిలిటరీ క్యాంపు. వారానికోసారి, శుక్రవారం సెలవు పూట ఫోన్ చేసేవాడు. ఒకసారి ఇక్కడ డ్రైవర్ లేని విమానాలు ఎగురుతున్నాయక్కా అన్నాడు. వాకిట్లో చెబితే ఎవరూ నమ్మలేదు. మా పక్క రేకుల ఇంటి అక్క అయితే, డ్రైవర్ లేకుంటే దిగేవాళ్లు ఎవరికి చెప్పి ఆపించుకుంటారని అడిగి అందరినీ నవ్వించింది.

ఆ నవ్వు ఎక్కువ కాలం లేదు. ఒకరోజు పేపరులో చిన్న వార్త వచ్చింది. ఎక్కడో కొండల్లో, పెళ్లివాళ్లు దిగిన ఇంటి మీద అలాంటి విమానమే బాంబు వేసింది. దాన్ని నడిపినవాడు వేరే దేశంలో టీవీ లాంటి దాని ముందు కూర్చుని ఉంటాడట. చచ్చినవాళ్లలో ఆడవాళ్లు, పిల్లలు ఉన్నారు.  ఆ విమానం ఎక్కడి నుంచి లేచిందో పేపరులో లేదు. నాకు మాత్రం మా తమ్ముడి వంటగది పక్క నుంచే లేచిందనిపించింది.

మా దగ్గర చావు కబురు వింటే చేతిలో పని సాగదు. రేకుల ఇంటి అక్క కత్తెర కింద పెట్టి, చాట పక్కకు జరిపి, కొంగు తలమీద కప్పుకుంది. ఆమెను చూసి మిగతావాళ్లూ కప్పుకున్నారు.  అప్పుడు ఆమే అంది, "పెండ్లి ఇంట్ల పీనుగులు లేసినయట. మనం ఇట్ల ఇంట్ల కూసుంటె ఎవరికి ఎరుక? బయట కూసుందాం."

అలా మొదలైంది. శుక్రవారం మధ్యాహ్నం కార్ఖానాలో బీడీలు అప్పజెప్పి వచ్చాక, మా బజారు బస్టాండు రోడ్డులో కలిసేచోట, మా ఇంటి ముందరే, నేల మీద వరసగా కూర్చునేవాళ్లం. ఒక అట్టముక్క మీద నేనే బొగ్గుతో రాశాను: మనిషి లేని విమానాలు వద్దు, పెండ్లి ఇండ్ల మీద బాంబులు వద్దు. నినాదాలు మాకు రావు. ఏడవడం వచ్చు, కానీ పేరు తెలియనివాళ్లను ఏమని పిలిచి ఏడుస్తాం? అందుకని తలమీద కొంగుతో ఊరికే కూర్చునేవాళ్లం. బస్సు దిగినవాళ్లు శవం ఇంకా రాలేదా అని అడిగేవాళ్లు. చదివి చెబితే కొందరు నవ్వేవాళ్లు, కొందరు కాసేపు నిలబడేవాళ్లు. పనిలేని ముండలని ఒకాయన తిట్టాడు. పొద్దంతా చేసిన పనికి వేళ్లు బొబ్బలెక్కి ఉన్నాయి, వాటిని వాడి మొహం ముందు పెడదామన్నంత కోపం వచ్చింది నాకు.

మూడో నాలుగో వారం ఎవరో ఫోటో తీశారు. జిల్లా పేజీలో ఒక మూల వేశారు. మా బజారంతా నా మొహం చూసి మురిసింది. రెండు రోజులకు, మా తమ్ముణ్ణి పంపిన ఏజెంటు మనిషి మోటార్ సైకిల్ మీద వచ్చాడు. కేకలేయలేదు, చాలా మర్యాదగా మాట్లాడాడు. ఆ మర్యాదకే నాకు భయమేసింది. కంపెనీవాళ్లు అన్నీ చూస్తుంటారని, మీరు ఎవరి అన్నం తింటూ ఎవరికి ఎదురు కూర్చున్నారో ఆలోచించుకోండని చెప్పి వెళ్లాడు.

ఆ శుక్రవారం తమ్ముడి ఫోను రాలేదు. ఆ తర్వాతి శుక్రవారం కూడా రాలేదు. నేను చేస్తే స్విచాఫ్. వాణ్ణి ఏం చేశారో, నా అట్టముక్క వాణ్ణి ఏ గదిలో కూర్చోబెట్టిందో అని అన్నం సహించేది కాదు. పొయ్యి మీద కూర మాడేది. అమ్మకు ఈ సంగతులేవీ చెప్పలేదు. ఆమె కోటగిరి దగ్గర పల్లెలో ఉండేది.

మూడో శుక్రవారం కూర్చోవద్దనుకున్నాను. రేకుల ఇంటి అక్క అప్పటికే చాప లేకుండా నేల మీద కూర్చుని నా వైపు చూస్తోంది. పోయి ఆమె పక్కన కూర్చున్నాను. సరిగ్గా అప్పుడే షేర్ ఆటో ఆగి, చెప్పాపెట్టకుండా అమ్మ దిగింది.

ఆమె చూసిందేమిటో ఊహించుకోండి. కూతురి ఇంటి ముందు ఆడవాళ్లు నేల మీద వరసగా, తలమీద కొంగులతో. మధ్యలో తన కూతురు. గల్ఫ్‌లో కొడుకు. అమ్మ చేతిలోని సంచి జారిపోయింది. నడిరోడ్డు మీద కూలబడి, గుండెలు బాదుకుంటూ, కొడుకును చిన్నప్పటి ముద్దుపేరుతో పిలిచి శోకం తీయడం మొదలుపెట్టింది. ఆటోలు ఆగిపోయాయి.

"అవ్వా, నీ కొడుకుకు ఏం గాలె. లెవ్వు," అంటూ రేకుల ఇంటి అక్క ఆమె చేతులు పట్టుకుంది.

అమ్మ నా వైపు తిరిగింది. "నువ్వు జెప్పు బిడ్డా. నువ్వు జెప్తె లేస్త."

చెప్పాలి. చెప్పడానికి నాకేం తెలుసు? ఏం కాలేదమ్మా అన్నాను. నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది. అమ్మ అంతకంటే గట్టిగా ఏడ్చింది. ఆమెను లోపలికి తీసుకెళ్లి నీళ్లు తాగించి మొత్తం చెప్పేసరికి పొద్దుగూకింది. అంతా విన్నాక అమ్మ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. బతికి ఉన్నవాడి ఇంటి ముందు శోకానికి కూర్చుంటారా అని ఆ అట్టముక్కను చింపి పొయ్యిలో పెట్టింది. ఫోను వచ్చేదాకా కదలనని మా ఇంట్లోనే ఉండిపోయింది.

ఆదివారం పొద్దున ఫోను మోగింది. తమ్ముడే. క్యాంపు మీద రాకెట్లు పడ్డాయట, ఎవరికీ ఏమీ కాలేదట, అందరి ఫోన్లూ కంపెనీవాళ్లు తీసి పెట్టుకున్నారట. నాకు ఏడుపు, నవ్వు ఒక్కసారే వచ్చాయి. అప్పుడు వాడు గొంతు తగ్గించాడు.

"అక్కా, ఇగ కూసోకు. ఫోటో మా మేనేజర్ కాడికి వచ్చింది. గీమె నీ అక్కనా అని అడిగిండు. కాదన్న."

నాకు కోపం రాలేదు. సొంత అక్కను కాదనేంత భయంలో వాడు ఎలా నిద్రపోతున్నాడో అనిపించింది. ఇంక కూర్చోను అన్నాను. అమ్మ నా చేతిలోంచి ఫోను లాక్కుంది. నేను చెవి దగ్గరగా పెట్టాను.

"ఆడ నువ్వు ఏం పని జేస్తవు బిడ్డా?"

"అన్నం వండుత అమ్మా."

"గంతేనా?"

అవతల తలుపు మూసిన చప్పుడు వినిపించింది. 

"కిటికీలకెల్లి విమానాలు కనవడ్తయి," అన్నాడు. "పోయేటప్పుడు రెక్కల కింద బాంబులుంటయి. వచ్చేటప్పుడు ఉండయి. సూడొద్దనే అనుకుంట అమ్మా. సూస్త."

అమ్మ ఫోను నా చేతికిచ్చింది. ఆ పూట అన్నం తినలేదు. సాయంత్రం ఊరికి వెళ్లిపోయింది. నేను కూర్చోనని వాడికి మాట ఇచ్చాను కాబట్టి ఆ శుక్రవారం గుమ్మంలోనే నిలబడ్డాను. మధ్యాహ్నం ఆటో దిగిన అమ్మ నాతో మాట్లాడలేదు. తిన్నగా పోయి వరసలో మొదట కూర్చుంది. ఏజెంటు వస్తే ఏం చెబుతావని అడిగాను. రానిమ్మంది. వాడి నౌకరీ పోతే అని మళ్లీ అడిగాను. కలో గంజో తాగుతాం, ఇంటికైతే వస్తాడు కదా అంది. నేనూ వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను.

వచ్చిపోయేవాళ్లలో కొత్త మొహం కనిపిస్తే చాలు, ఏజెంటు మనిషేమోనని చూసేదాన్ని. సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు. కూర్చున్నారా అని అడగలేదు. అమ్మ బాగుందా అని కూడా అడగలేదు.

"ఇయ్యాల ఒకటి పోయింది అక్కా. రెక్కల కింద ఉన్నయి ఉన్నట్టె తిరిగొచ్చింది," అన్నాడు.

ఫోనులో ఇలాంటివి చెప్పకురా, ఎవరైనా వింటారు అని వేడుకున్నాను. అమ్మ మాత్రం ఆ మాటకు రెండు చేతులూ జోడించింది. ఆ తర్వాత కొన్ని వారాలు వాడు ఫోన్ చేయగానే మొదట ఆ ఒక్క మాటే చెప్పేవాడు. ప్రతిసారీ నేను భయంతో చచ్చేదాన్ని. చెప్పొద్దని అనడం మాత్రం మానేశాను.

ఒక శుక్రవారం వాడు ఎండల గురించి మాట్లాడాడు. నడుము నొప్పి గురించి, కొత్తగా వచ్చిన వంటవాడి గురించి మాట్లాడాడు. అమ్మ నా భుజం మీద గడ్డం ఆనించి వింటూ ఆ మాట కోసం చూస్తోంది. ఇంకేంరా అన్నాను. ఇంకేం లేదక్కా అని పెట్టేశాడు.

అమ్మ లేచి, కొంగు తలమీదికి లాక్కుని, బయటికి వెళ్లి నేల మీద కూర్చుంది.